కానుకల సంచిలో మౌస్

కాలు జారినవాడి మోచెయ్యి పట్టుకుని నిలబెట్టే దేవునికి ముందుగా స్తోత్రం. ఎండిపోయిన నా కుడిచేతిని ఎరిగి, ఎడమచేతికే రెండు చేతుల పని నేర్పిన దేవునికి స్తోత్రం. అన్యాయం చేసినవాణ్ణి మరిచిపోని దేవునికి, అన్యాయం చేసినదాన్ని కూడా మరిచిపోని దేవునికి స్తోత్రం. ఈ చివరి మాట రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. ఎందుకు పట్టిందో కింద చెబుతాను.

నాకు మూడేళ్ళ వయసులో జ్వరం తగిలి కుడిచెయ్యి మోచేతి కింద సన్నబడిపోయింది. యాచారం అవతలి పల్లె నుంచి మా అమ్మానాన్నలు ఇళ్ళు కట్టే పనికి ఎల్బీ నగర్ వచ్చారు. నేను వాళ్ళ వెంట సిమెంటు బస్తాల మీద కూర్చుని పెరిగాను. ఇంటర్ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ నేర్చుకోవడానికి చేరితే మొదటిరోజే సారు నా ముందు మౌస్ పెట్టాడు. నాకు పనిచేసేది ఒక్క చెయ్యి. దాన్ని మౌస్ మీద పెడితే కీబోర్డు ఖాళీ, కీబోర్డు మీద పెడితే మౌస్ ఖాళీ. వారం రోజులు అటూ ఇటూ తిప్పి, విసుగొచ్చి మౌస్ వైరు పీకేశాను. మళ్ళీ పెట్టలేదు.

మా సంఘ పెద్దల్లో ఒకాయనకు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ ఎదురు సందులో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసు ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న మనిషి. పాట బాగా పాడతాడు. మా పాస్టరమ్మ ఒక మాట చెప్పడంతో నాకు ఆయన దగ్గర ఉద్యోగం దొరికింది. ఆఫీసులో ఆయన నాకు సార్. సంఘంలో అన్న.

నా పని చెప్పడానికి తేలిక. కొత్త సైట్ తయారవగానే మౌస్ ముట్టకుండా దాన్ని మొదటి నుంచి చివరిదాకా వాడి చూడాలి. చూపు లేనివారికి తెర మీద బాణం ఎక్కడుందో తెలియదు. చేతులు వణికేవారికి ఆ బాణం నిలవదు. వాళ్ళకు కీబోర్డే దారి. టాబ్ కొడితే ముందు గడికి పోవాలి, షిఫ్ట్ పట్టి కొడితే వెనక గడికి రావాలి. మనం ఏ గడిలో ఉన్నామో దాని చుట్టూ నీలం గీత కనిపించాలి. లోపలికి పోయిన ప్రతిచోటి నుంచీ బయటికి రాగలగాలి. ఇవన్నీ ఉంటేనే ఆ సైట్ నియమాలకు లోబడి ఉందని కాగితం ఇవ్వాలి. చట్టం ఉంది, కొలతలు ఉన్నాయి. ఎక్కువమంది ఆ కాగితం కోసమే అడుగుతారు, లోపల పని జరిగిందో లేదో ఎవరూ తెరిచి చూడరు.

నేను చేరిన ఆరో ఏడు అబ్దుల్లాపూర్‌మెట్ వైపున్న ఒక శిక్షణ సంస్థ సైట్ మాకు వచ్చింది. వికలాంగులకు బ్యాంకు ఉద్యోగాల కోసం తిండి, వసతి ఇచ్చి ఏడాదిపాటు చదువు చెప్పే సంస్థ. దరఖాస్తు ఫారం అందులోనే. నేను మూడు రోజులు కూర్చుని పద్నాలుగు తప్పులు రాసిచ్చాను. అన్నిటికన్నా పెద్దది పుట్టిన తేదీ గడి. అక్కడికి రాగానే ఒక క్యాలెండర్ తెరుచుకుంటుంది. మౌస్‌తో తేదీ మీద నొక్కితే మూసుకుంటుంది. కీబోర్డుతో వెళితే మాత్రం మూసుకోదు. టాబ్ కొట్టినకొద్దీ ఆ నెలలోని రోజుల మీదే గుండ్రంగా తిరుగుతాం. ఎంటర్ పనిచేయదు, ఎస్కేప్ పనిచేయదు. గానుగెద్దు నయం, దాన్ని సాయంత్రం విప్పుతారు. దానికి తోడు, చూడ్డానికి బాగాలేదని ఆ నీలం గీతను సైట్ మొత్తం మీద తీసేశారు. కాబట్టి తిరుగుతున్న సంగతి కూడా తెలియదు.

పద్నాలుగూ సరిచేస్తారనుకున్నాను. సైట్ బయటికి వచ్చింది. ఆ ఆదివారం సంఘంలో సార్ సాక్ష్యానికి లేచాడు.

మా సంఘం ఎల్బీ నగర్‌లో టైర్ల షాపు మీది హాల్లో కూడుతుంది. ఆరాధన అయ్యాక సాక్ష్యాలుంటాయి. సార్ ఏటా తన ఆఫీసు మొదలైన రోజుకు దగ్గరి ఆదివారం సాక్ష్యం చెబుతాడు. చివర్లో ప్రతిసారీ నన్ను లేపుతాడు.

"మన సంఘం బిడ్డకి దేవుడు నా ద్వారా దారి చూపించాడండి. ఒకసారి చెయ్యి ఎత్తమ్మా."

నేను ఎత్తేదాన్ని. ఎడమది కాదు. ఆయన అడిగేది ఎడమచెయ్యి కాదు. సంఘమంతా హల్లెలూయా అనేది. ఆరేళ్ళు ఎత్తాను. ఎత్తిన ప్రతిసారీ లోపల ఒక మేకు ఇంకొంచెం దిగేది.

ఆ ఆదివారం కూడా ఎత్తాను. ఎందుకంటే ఆయన చెప్పింది నిజమే అనుకున్నాను. చూపు లేనివాళ్ళు ఎవరి సాయమూ లేకుండా తమ ఫారం తామే నింపుకునే సైట్ మా ఆఫీసు చేసిందని, నేనే పరీక్షించానని చెప్పాడు. వెనక వరసలో తుర్కయంజాల్ నుంచి వచ్చే, నేను చెల్లె అని పిలిచే అమ్మాయి కూర్చుని ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చదివింది. వాళ్ళమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. అంతకుముందు ఏడు ఇదే సంస్థకు ఒక నెట్ సెంటర్‌లో ఫారం నింపిస్తే, ఆ మనిషి చూపు లేదన్న గడిలో గుర్తు పెట్టకుండానే పంపించేశాడు. ఆమెకు ఏడాది పోయింది. అప్పటి నుంచి తన ఫారం తానే నింపుకుంటానని మొండికేసి కూర్చుంది.

సాక్ష్యం అయ్యాక నా చెయ్యి వెతికి పట్టుకుంది. "అక్కా, నువ్వు చూసినవంటే నాకు ఫికర్ లేదు. ఈసారి నేనే నింపుకుంట."

"నింపుకో చెల్లె," అన్నాను.

సోమవారం ఆఫీసులో ఇంకేదో ఫైలు వెతుకుతుంటే ఆ సంస్థకు మేము పంపిన కాగితం కనిపించింది. ఈ సైట్‌ను కీబోర్డుతో పూర్తిగా వాడుకోవచ్చని, పరీక్షించినవారు స్వయంగా చేతి వైకల్యం ఉన్న వ్యక్తి అని అందులో ఉంది. కింద నా సంతకం. ఉద్యోగంలో చేరినప్పుడు నేను పెట్టిన సంతకాన్ని స్కాన్ చేసి అతికించారు. వెంటనే సైట్ తెరిచి చూశాను. పద్నాలుగులో ఒక్కటీ సరిచేయలేదు. కొత్తగా కుడి మూలన ఒక గుండ్రటి బొమ్మ వచ్చింది, చేతులు చాపిన మనిషి బొమ్మ. అది నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి. దాన్ని నొక్కాలన్నా మౌస్ కావాలి.

ఆ రోజు మెట్రో ఎక్కకుండా దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా నడిచాను. శత్రువుల పళ్ళు విరగ్గొట్టమని దేవుణ్ణి అడిగిన ఒక రాజు సంగతి చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నాను. అంత పెద్దవాడు అంత మాట ఎలా అన్నాడా అని అప్పట్లో అనుకునేదాన్ని. చైతన్యపురి దాటేసరికి ఆ ప్రార్థన నాకు ప్రతి అక్షరం అర్థమైంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. సహోదరుడు తప్పు చేస్తే మొదట ఒక్కరే వెళ్ళి చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరు సాక్షులను వెంటబెట్టుకుని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. వాక్యంలో ఉన్న క్రమం, మా సంఘంలో ఇప్పటికీ నడుస్తుంది. మొగుడూ పెళ్ళాల గొడవలు, అన్నదమ్ముల పంపకాలు అన్నీ ఈ మూడు మెట్ల మీదే తెగుతాయి. నేను కూడా ఈ మూడు మెట్లూ ఎక్కుతాననుకున్నాను. ఒక్క మెట్టు తగ్గించినా ఆయన నా మీద మాట అనడానికి సందు దొరుకుతుంది. మూడూ పూర్తిచేస్తే దొరకదు. వాక్యాన్ని నేను అప్పుడు పట్టుకున్నది కత్తి పిడిని పట్టుకున్నట్టు.

ఆ సంస్థకు ఒక్క ఉత్తరం రాసి ఉంటే సరిపోయేది. రాయాలని తోచింది కూడా. రాస్తే వాళ్ళు ఫోన్ చేస్తారు, ఆయన క్షమించమంటాడు, రెండు రోజుల్లో లోపల్లోపల సరిచేయిస్తాడు, వచ్చే ఏడు మళ్ళీ నన్ను చెయ్యి ఎత్తమంటాడు. అందుకే రాయలేదు.

మంగళవారం మధ్యాహ్నం చెల్లె ఫోన్ చేసింది.

"అక్కా, పుట్టిన తారీకు కాడ ఆగిపోతున్న. ఎంత టాబ్ కొట్టినా ముందటికి పోతలేదు. పొద్దుగాల సంది కూసున్న. నేనేమన్న తప్పు కొడుతున్ననా?"

నేను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాను. "జర ఆగు చెల్లె. ఆదివారం సంఘంల కూసొని చూద్దాం."

"సోమవారం అయిదింటికి ఆఖరక్కా."

"ఆదివారం అంటున్న గద."

"సరే అక్కా. అప్పటిదాంక మల్ల మల్ల చేసి చూస్త. నాకే సరిగ్గ చాతనైతలేదేమో."

నీ తప్పేం లేదు అన్న ఒక్క మాట నా నాలుక చివర దాకా వచ్చింది. చెబితే వాళ్ళమ్మకు చెబుతుంది, వాళ్ళమ్మ పాస్టరమ్మకు చెబుతుంది, సార్ జాగ్రత్తపడతాడు. మింగేశాను.

బుధవారం మొదటి మెట్టు ఎక్కాను. సార్ గదిలో ఒక్కదాన్నే వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"సార్, నేను రాసిచ్చిన తప్పులల్ల ఒక్కటి గూడ సరిచెయ్యలే."

"మూలన బొమ్మ పెట్టించాం కదమ్మా. అన్నీ అదే చూసుకుంటుంది."

"దాన్ని నొక్కాలన్నా మౌసే కావాలె సార్."

ఆయన నవ్వాడు. "నువ్వు మరీనమ్మా. అంత లోతుగా ఎవరు చూస్తారు చెప్పు?"

"మరి నా సంతకం ఎందుకు పెట్టిన్రు?"

"నీ చెయ్యి సంగతి వాళ్ళకి చెప్పానమ్మా. నువ్వు బాగుందంటే ఇంక ఎదురు మాట్లాడేవాడు ఉండడు. ఆలోచించి చూడు, అది నీకు గౌరవమే కదా."

నేను ఇంకేదో అనబోయేలోపు ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మనసులో ఏదో బరువు పెట్టుకున్నావు. ప్రార్థన చేసుకుందాం రా."

వాదన తెగ్గొట్టాలనుకున్నప్పుడల్లా ఆయన చేసే పని అదే. నా మనశ్శాంతి కోసం దేవుణ్ణి చాలాసేపు బతిమాలాడు. నేను ఆమెన్ అన్నాను. బయటికి వచ్చి వేలు మడిచాను, ఒకటి.

శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక పాస్టరమ్మను ఆఫీసుకు తీసుకువచ్చాను. రెండో సాక్షి మా ఆఫీసులో కోడ్ రాసే ఆమె. విజయవాడ నుంచి వచ్చి కొత్తపేటలో ఉంటుంది. మా విశ్వాసం కాదు, అయినా అబద్ధం చెప్పదు. అందుకే పిలిచాను.

"ఆ క్యాలెండర్ ఒక్కటీ మారిస్తే దారి తెరుచుకుంటుందండి సార్," అంది ఆమె. "ఒక్క రోజు పని. నీలం గీతయితే అయిదు నిమిషాలు. మీరే తీసెయ్యమన్నారు, గుర్తుందా?"

"అది ఉంటే మురిగ్గా ఉందమ్మా."

"గంతే పనైతే చేపియ్యరాదన్నా?" అంది పాస్టరమ్మ.

"సోమవారం సాయంత్రంతో దరఖాస్తులు అయిపోతాయండి అమ్మగారు. నడుస్తున్న సైట్‌ని ఇప్పుడు కదిపితే లేనిపోని తలనొప్పి. ఆ తర్వాత తీరిగ్గా చేయిద్దాం."

"తర్వాత చేస్తే ఎవరికండి సార్?" అంది కోడ్ రాసే ఆమె. ఆయన వినిపించుకోలేదు.

అక్కడ నేను చెల్లె సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే పాస్టరమ్మ అక్కడే కూర్చుని పని చేయించేది. ఆయన కూడా కరిగేవాడేమో, చెల్లె చిన్నప్పటి నుంచి ఆయన కళ్ళ ముందు పెరిగింది. ఆయన కరగడం నాకు ఇష్టం లేదు.

మళ్ళీ ప్రార్థన చేశాడు. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. ఆయన కుడిచెయ్యి మౌస్ మీదే ఉంది. ప్రార్థనలో కూడా దాన్ని వదల్లేదు. ఆదివారం ఏం చేయాలో నాకు అప్పుడు తెలిసింది.

పాటల మాటలు గోడ మీద చూపించడానికి మా సంఘంలో ఒక లాప్‌టాప్, దానికో మౌస్, ప్రొజెక్టర్ ఉన్నాయి. ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి లాప్‌టాప్ మీద వేలితో జరిపే పలకను ఆపేశాను. తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టాను. స్పీకర్లకు కలిపాను. ఆరాధనలో పాటలు పాడాను, కానుక వేశాను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో, మా యెడల తప్పు చేసినవారిని మేము క్షమించినట్టు అనే చోట నోరు మూసుకున్నాను. అబద్ధం ఆడదలుచుకోలేదు.

సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అని పాస్టర్‌గారు అడగ్గానే లేచాను.

"పోయిన వారం అన్న ఒక సాక్ష్యం చెప్పిండు. నేను ఒక్కదాన్నే పోయి మాట్లాడిన. ఇద్దరిని తీస్కపోయి మాట్లాడిన. ఇయ్యాల సంఘం ముందట మాట్లాడుత." పాస్టరమ్మ తల ఎత్తి నా వైపు చూసింది. "అన్నా, మీరే వచ్చి ఆ ఫారం నింపి చూపియ్యుండ్రి."

ఆయన చిరునవ్వుతోనే వచ్చాడు. పదిమంది ముందుకు పిలిస్తే ఆయనకు ఎప్పుడూ ఇష్టమే. కుర్చీలో కూర్చుని చెయ్యి చాచేసరికి నేను మౌస్ తీసి, పక్క బల్ల మీదున్న కానుకల సంచిలో వేశాను.

"చూపు లేనోళ్ళ ఫారం అన్నరు గద అన్నా. గట్లనే నింపుండ్రి."

ముందు కొందరు నవ్వారు. ఆయన పలక మీద వేలు రాశాడు. బాణం కదల్లేదు. అప్పుడు టాబ్ కొట్టాడు. గోడ మీద ఏమీ మారలేదు, గీతే లేదు కదా. మళ్ళీ కొట్టాడు. ఎక్కడున్నాడో ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. స్పీకర్లలోంచి మాత్రం ఒక గొంతు "బటన్" అంది. మళ్ళీ "బటన్" అంది. ఏ బటనో చెప్పదు, ఎందుకంటే ఎవరూ దానికి పేరు రాయలేదు.

ముందు వరసలో ఒక ముసలమ్మ అడిగింది. "ఏమైంది బిడ్డా, కరెంటు పోయిందా?"

"కరెంటు ఉందమ్మా," అన్నాను. "అన్నకే తొవ్వ దొరుకుతలేదు."

నేనే పక్క నుంచి చెప్పి పేరు గడి నింపించాను, తర్వాత పుట్టిన తేదీ దగ్గరికి తీసుకుపోయాను. క్యాలెండర్ తెరుచుకుంది. ఆయన టాబ్ కొట్టాడు. కొట్టాడు. స్పీకర్లు బటన్, బటన్, బటన్ అంటూనే ఉన్నాయి. హాల్లో నవ్వు ఆగిపోయింది. ఆయన మెడ వెనక చెమట కాలర్‌లోకి దిగడం నేను చూశాను. నిజం చెప్పాలి. నా జీవితంలో ఏ పాటా, ఏ ప్రార్థనా ఇవ్వని తీపి ఆ చెమట చుక్క ఇచ్చింది. ఆయన నా వైపు తిరిగాడు. "చాలమ్మా," అన్నాడు మెల్లగా.

చాలలేదు నాకు. మైకు తీసుకున్నాను. "చెల్లె, నువ్వు రా. నీకన్న అయితదేమో చూద్దాం."

ముందుగా ఆమెను అడగలేదు. ఎవరో చెయ్యి పట్టి తీసుకువచ్చారు. సార్ లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఎంత వేగంగా కదిలాయంటే కొందరు ముందుకు వంగి చూశారు. కొన్ని క్షణాల్లో తేదీ గడి దాకా వచ్చింది. తిరగడం మొదలైంది. రెండు చుట్లు తిరిగి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"గిది నా తప్పు కాదు," అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. మైకు నా చేతిలో, ఆమె ముఖం దగ్గరే ఉంది. అందరూ విన్నారు. తర్వాత నా వైపు తిరిగింది. "అక్కా, ఇది పనిచేస్తలేదని నీకు ముందే ఎరికేనా?"

మైకు కిందికి దించాలని కూడా నాకు తోచలేదు.

"ఎరికే."

"ఎప్పటిసంది?"

"సోమవారం సంది."

"నేను మంగళవారం ఫోన్ చేస్తి గద." ఆమె గొంతు పెంచలేదు. "అయిదు రోజులు కొట్టిన నేను. మా అమ్మ పనికి పోకుండ నా పక్కనే కూసున్నది. నాకు కంప్యూటరే రాదేమో అనుకొని నిన్న ఏడ్చిన."

హాల్లో అందరి కళ్ళూ ఆయన మీది నుంచి నా మీదికి వచ్చాయి. నేను ఆరేళ్ళుగా చెయ్యి ఎత్తి నిలబడ్డ చోటు అదే. ఈసారి ఆమెను నిలబెట్టింది నేను.

మొదట కదిలింది సార్. ఫోన్ తీసి కోడ్ రాసే ఆమెకు చేశాడు. "ఆదివారమని తెలుసమ్మా. తప్పు నాదే. ఇప్పుడే వస్తావా?" ఆమె షేర్ ఆటో ఎక్కి వచ్చింది. భోజనాల వేళ దాటింది. హాల్లోనే బల్ల జరిపి కూర్చున్నాం. ఆమె మార్చింది, నేను పరీక్షించాను, సార్ టీలు తెచ్చాడు. సాయంత్రానికి నీలం గీత వచ్చింది. క్యాలెండర్ బదులు రోజు, నెల, సంవత్సరం టైపు చేసే మూడు గడులు పెట్టింది. సోమవారం పొద్దున మిగతావి కూడా చూసి, పదకొండింటికి సైట్ మీద ఎక్కించాం.

చెల్లెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వాళ్ళమ్మకు చేశాను. "చెప్తమ్మా," అని పెట్టేసింది. అయిదింటి దాకా నేను గోడ గడియారం చూస్తూనే కూర్చున్నాను. పగ తీరిన మనిషికి ఉండాల్సిన తీరిక నాకు ఒక్క నిమిషం కూడా లేదు. నాలుగు దాటాక సంఘం వాట్సాప్ గుంపులో ఆమె గొంతు వచ్చింది. "అందరికి వందనాలు. నా ఫారం నేనే నింపుకున్న. పోయింది. ప్రార్థన చేసినోళ్ళందరికి వందనాలు." నాకు విడిగా ఏమీ రాలేదు.

ఆ వారం పాస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగింది. "బిడ్డా, ఆ మూడు మెట్లు దేనికి పెట్టిన్రో ఎరికేనా? సహోదరుణ్ణి సంపాయించుకునేటందుకు. నువ్వు సంపాయించుకునేటందుకు పోయినవా, పోగొట్టుకునేటందుకు పోయినవా?"

"మూడుసార్లూ పోగొట్టుకునేటందుకే పోయినమ్మా."

"మరి ఆ పిల్లను?"

నేను ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆమె మళ్ళీ అడగలేదు.

తర్వాతి ఆదివారం సార్ సాక్ష్యం చెప్పలేదు. వరసలు దాటి నా కుర్చీ దగ్గరికి వచ్చి అందరి ముందూ అన్నాడు. "నీ సంతకం వాడుకున్నాను. నీ చెయ్యి కూడా వాడుకున్నాను, ఇన్నేళ్ళూ. తప్పమ్మా. క్షమించు."

"దేవునికి స్తోత్రం అన్నా," అన్నాను నేను. క్షమించాను అనలేదు. ఆ తేడా ఆయనకు తెలుసు. తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన అలా అడగకుండా ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అడిగి, నా చేతిలో ఉన్న ఒక్క రాయినీ లాక్కున్నాడు.

నేను ఇంకా అదే ఆఫీసులో ఉన్నాను. నా సంతకం లేకుండా ఏ కాగితమూ బయటికి పోదు, ఆ సంతకం నేను ఎదురుగా కూర్చుని ఎడమచేత్తో పెడతాను. పెట్టేముందు ప్రతి సైట్‌నూ సార్ స్వయంగా మౌస్ లేకుండా ఒకసారి వాడి చూపించాలి. ఆ నియమం నేనే పెట్టాను. ఆయన మౌస్ నా సొరుగులో ఉంటుంది, పని అయ్యాకే ఇస్తాను. సైట్లకు అది మంచిదే. కాని ఆయన టాబ్ కొడుతూ దారి తప్పిన ప్రతిసారీ నాలో ఏదో సంతోషపడుతుంది. అది సైట్ల మంచి కోసం కాదు, నాకు తెలుసు.

చెల్లెకు సీటు వచ్చింది. అబ్దుల్లాపూర్‌మెట్‌లోనే ఉండి చదువుకుంటోంది. నెలకొక ఆదివారం సంఘానికి వస్తుంది. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, "వందనాలు సిస్టర్," అంటుంది. మా సంఘంలో అందరు ఆడవాళ్ళనూ అలాగే పిలుస్తారు. ఆమె మాత్రం నన్ను అంతకుముందు ఎప్పుడూ అలా పిలిచేది కాదు.

ఇది చదివినవారు ఒక్క నిమిషం ఆగి నాతోపాటు ప్రార్థించండి. ముందు ఆ చెల్లె కోసం. పరీక్ష దగ్గరపడింది, ఆమె వేళ్ళకు ఎక్కడా అడ్డు తగలకూడదని. తర్వాత నా కోసం. నేను చెయ్యి పట్టుకుని అడగాల్సిన క్షమాపణ ఇంకా అడగలేదు, ఆమె వచ్చే నెల వచ్చినప్పుడైనా నా నోరు తెరుచుకోవాలని. ఇక ఆయన కోసం. ప్రతి ఆదివారం ప్రభువు ప్రార్థనలో, మేము క్షమించినట్టు అనే ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ఇంకా ఆగిపోతున్నాను. ఎంత కొట్టినా ముందుకు పోవడం లేదు. ఆ వాక్యం నా బదులు మీరు పలకండి. చివర ఆమెన్ మాత్రం నేను అంటాను.